ఖాళీగా మిగిలిన కవరు

మంగళవారం, వాటర్లూ

ఈ రోజు క్లాసులో ఉత్తర కొరియా అణ్వాయుధాల మీద ఉత్తుత్తి చర్చలు పెట్టాను. ఒక్కో దేశానికి ఒక్కో బల్ల, మిగతా దేశాల వాళ్ళు తమ కోరికల చీటీలు వేయడానికి దాని మీద ఒక కవరు. గంట గడిచేసరికి చైనా కవరు చిరిగిపోయేలా నిండింది. అన్ని చీటీల్లోనూ ఒకటే మాట: మీరే ఉత్తర కొరియాకి నచ్చజెప్పండి. ఉత్తర కొరియాగా కూర్చున్న మాయ తన ఖాళీ కవరు ఎత్తి చూపించింది. “మేడమ్, నో వన్ ఆస్క్‌డ్ మీ ఎనీథింగ్” అంది.

అప్పుడు నవ్వొచ్చింది గానీ, ఇంటికొచ్చి, ఇదే సమస్య మీద శుక్రవారం ఇవ్వాల్సిన మా రిపోర్టు తెరిస్తే నా మీద నాకే ఒళ్ళు మండింది. మేమూ మొదటి పేజీ నుంచి చైనానే బతిమాలుతున్నాం. నాతో కలిసి రాస్తున్న రిటైర్డ్ ప్రొఫెసర్ మూర్తి గారికి ఫోన్ చేసి, ఉత్తర కొరియాతోనే నేరుగా మాట్లాడమని రాద్దామన్నాను.

“ఇప్పుడు మారిస్తే ఎలాగమ్మా? నేరుగా మాట్లాడితే వాళ్ళ బాంబుని ఒప్పుకున్నట్టే కదా!”

“ఇన్నాళ్ళూ మాట్లాడకపోతే బాంబు పోయిందా, అంకుల్?”

ఆలోచిస్తానన్నారు. ఒప్పుకుంటారో లేదో... నేను మాత్రం మొదటి సిఫారసు కొట్టేసి, నేరుగా మాట్లాడాలని రాశాను. ఆయన తన పేరు తీసేయమంటే నా ఒక్క పేరుతోనే ఇస్తాను.

గురువారం మళ్ళీ క్లాసు. మాయ కవరులో మొదటి చీటీ నేనే వేస్తాను: “మీకేం కావాలి?”