రెండో లైను

అవనిగడ్డ

ప్రియమైన అమ్మకు,

ఫోన్లో నీకు వినపడదు గనక మళ్లీ ఉత్తరమే. మన రైలు హాల్టులో రెండో లైను పడినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. అద్దకం షెడ్డుకి రోజూ ఆ పట్టాలు దాటే వెళ్తున్నావు. కరెంటు బండ్లు చప్పుడు లేకుండా మీదికొచ్చేస్తున్నాయట. చెవులున్నవాళ్లకే తెలియకపోతే నీకెలా తెలుస్తుందమ్మా? నీ కాళ్లు పట్టుకుంటాను, పని మానెయ్యి.

నీ తనూజ

పెడన దగ్గర, మన ఇల్లు

తనూ తల్లికి,

మీ తాతగారి రోజుల్లో ఆ హాల్టులో ఉన్నది ఒట్టి మట్టిదిబ్బ. ఊరంతా కలిసి అర్జీలు పెడితే పొగబండి ఆగడం మొదలైంది. ఇప్పుడు ఎత్తు ప్లాట్‌ఫారం, రేకుల నీడ, కుళాయి, లైట్లు అన్నీ వచ్చాయి. పైవంతెన ఒక్కటే రాలేదు. వినపడదు గనకే నేను రెండువైపులా చూడందే అడుగు వెయ్యను. పని మానేసి గోడలతో మాట్లాడుకోనా? భయపడకు.

ఆశీస్సులతో, అమ్మ

అవనిగడ్డ

అమ్మా,

రాజకుమారి పిన్ని ఫోన్ చేసింది. "మీ అమ్మ పట్టాల పక్కన పడిపోయిందే" అని ఏడుపు. ప్రాణానికి ఫర్వాలేదంది గానీ, నువ్వు గడప దాటడం లేదట, అన్నం ముట్టడం లేదట. బాబుకి జ్వరం, కదల్లేకపోతున్నాను. ఆదివారం వచ్చి నిన్ను తీసుకొచ్చేస్తాను. ఇంక నీ మాట వినను.

తనూజ

మన ఇల్లు

నా తల్లీ,

పిన్ని సగమే చెప్పింది. ఆ సాయంత్రం గుడివాడ బండి ఆగింది. దాని వెనకనుంచి దాటుతున్నాం, పిన్ని నా ముందు. తనకి కూత వినపడిందట, ఆగిన బండిదే అనుకుందట. నాకేమీ వినపడలేదు, రెండో లైను మీద వెలుగు కనపడింది. పిన్ని పైట పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం కంకర మీద పడ్డాం. బండి గాలికి నా చెంప అదిరింది.

నాకు భయమంటే ఇన్నాళ్లూ తెలియదే. ఇప్పుడు కళ్లు మూస్తే ఆ చక్రాలే. నా కోసం కాదు. చెవుల్ని నమ్ముకుని నడిచే వాళ్లందరి కోసం.

నిన్న మళ్లీ వెళ్లాను. బండి ఆగగానే చేతులు చాపి, పట్టాలు దాటబోయే వాళ్లకి అడ్డంగా నిలబడ్డాను. ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారట. పిన్ని కూడా నా పక్కన నిలబడింది. రెండో లైను మీద బండి దూసుకుపోయాక ఎవరూ నవ్వలేదు.

నేను రానమ్మా. నువ్వు ఆదివారం దిగాక ప్లాట్‌ఫారం మీదే ఉండు. ఎవరు రమ్మన్నా కదలకు. నేనొచ్చి నీ చెయ్యి పట్టుకుంటాను.

భయపడుతూ, మీ అమ్మ