నేలమాళిగకి నాలుగు నిమిషాలు

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవెనలు. నీ భార్యా, పిల్లలిద్దరూ క్షేమం. మా వీధి చివరే కాబట్టి రోజూ చూస్తూనే ఉన్నాను. క్షేమంగా లేనిదల్లా నేనే. మీ పెద్దాఫీసు పుణ్యమా అని నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఎగువన పది రోజులుగా వాన. ఏరు గట్టుకి రెండడుగుల కిందుంది. నా పౌర రక్షణ గోదాంలో ఏమున్నాయో నీకు తెలియనిది కాదు. రెండు రబ్బరు పడవలు, నీళ్ళు తోడే పంపు, యాభై లైఫ్ జాకెట్లు. అన్నిటికీ సీళ్ళు. శత్రుదాడి జరిగితేనే వాడాలట! నేను చేరిన తొమ్మిదేళ్ళలో ఇటు ఏ శత్రువూ తొంగి చూడలేదు. ఏరు మాత్రం ఏటేటా గట్టు దాకా వచ్చి చూసి వెళ్తోంది. అనుమతి ఫారంలో ‘శత్రువు పేరు’ అని ఒక గడి ఉంది. ‘ఏరు’ అని రాశాను. తిప్పి పంపారు.

కప్పు మీద సైరన్ ఉందా, సోమవారం పదింటికి సాధన కోసం తప్ప దాని మీట ముట్టుకోకూడదు. అది మోగిన నాలుగు నిమిషాల్లో మన వీధి వీధంతా నేలమాళిగల్లో ఉంటోంది. నెత్తీ నోరూ కొట్టుకుని నేర్పాను మరి. నీ చిన్నది చాప చంకన పెట్టుకుని అందరికన్నా ముందు దిగుతుంది. ఇంత తయారుగా ఉన్న జనం ఉండి, సైరన్ ఉండి, వరదొస్తే గుడ్లప్పగించి చూడాలా? ఫోన్ చేస్తే నోటిమాట చెల్లదన్నారు. అందుకే రాస్తున్నాను. ఏదో ఒకటి చెయ్యి.

నీ మీదే ఆశ పెట్టుకున్న
అక్క

---

అక్కకి నమస్కారాలు.

అలా ఒంటికాలి మీద లేవకు. నువ్వు ‘ఏరు’ అని రాసినందుకు ఇక్కడ న్యాయ విభాగం రెండు రోజులు కూర్చుంది. ఏటికి శత్రుత్వం ఉన్నట్టు ఏ చట్టంలోనూ లేదని తేల్చారు. నేను నవ్వితే పెద్దసారు కళ్ళజోడు తీసి మరీ చూశాడు.

నా మాట విను. ఆ గడి ఖాళీగా వదిలేసి మళ్ళీ మూడు ప్రతులు పంపు. సీళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు. పోయినేడు వేరే గోదాం ఆయన, పక్కింటికి నిప్పంటుకుందని పంపు బయటికి తీశాడు. ఇల్లు మిగిలింది, ఆయన ఉద్యోగం మిగల్లేదు. మా ఆవిడ నీ దగ్గరుందన్న ధైర్యంతోనే ఇక్కడ ఉండగలుగుతున్నాను. నువ్వే ఇబ్బందిలో పడితే నాకెవరు దిక్కు?

నీ తమ్ముడు

---

ఒరేయ్ తమ్ముడూ,

గడి ఖాళీగా వదిలి పంపాను. ‘అసంపూర్ణం’ అని తిరిగొచ్చింది. కింద సంతకం ఎవరిదో తెలుసా? నీది! సలహా నువ్వే ఇచ్చి, తిప్పికొట్టిందీ నువ్వే. నీకు లెక్కలు నేర్పిన రోజుల్లో కూడా నాకింత ఒళ్ళు మండలేదు.

ఏరు గట్టుకి జానెడు కిందుంది. నా పౌర రక్షణ వార్డెన్లు ఆరుగురూ రోజూ వచ్చి గోదాం అరుగు మీద కూర్చుని నా మొహం చూస్తున్నారు. వాళ్ళలో మన టైలరు, ‘పడవలకి గాలి కొట్టడమైనా ప్రాక్టీసు చేద్దామా మేడం?’ అని అడిగాడు. సీలుందన్నాను. ‘ఏటికి కూడా ఓ సీలు వేయించకూడదూ?’ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పోనీ పడవలు మీరే ఉంచుకోండి. సైరన్ ఒక్కటైనా ఇప్పించరా! అది మోగితే చాలు, మిగతాది నా జనం చూసుకుంటారు. మీరు మీనమేషాలు లెక్కపెడుతున్నంతసేపూ నీ పిల్లలు ఈ పల్లపు వీధిలోనే ఉన్నారని గుర్తుంచుకో.

అక్క

---

అక్కా,

ఆ సంతకం చూసుకుని సిగ్గుతో చచ్చిపోయాను. రోజుకి ఎనభై కాగితాలు వస్తాయి. చదవకుండానే పెట్టేశాను.

అది సరే, ముందు శుభవార్త విను. సైరన్‌కి అనుమతి వచ్చింది! నాలుగు రోజులు పెద్దసారు గది బయట నిలబడ్డాను. చివరికి నన్ను చూసి విసుగెత్తి సంతకం పెట్టాడు. పడవల సంగతి ఇంకా పరిశీలనలో ఉంది. ఉత్తర్వు జీపులో పంపుతున్నాను. అందిన క్షణం నుంచీ నీ ఇష్టం, గట్టు దాటేలా ఉంటే మోగించెయ్. మా వాళ్ళకి ఆ మోత కంఠతా వచ్చు కదా. ఇక ఈ రాత్రి నాకు నిద్ర పడుతుంది.

నీ తమ్ముడు

---

ప్రియమైన తమ్ముడికి,

ముందే చెబుతున్నాను, నీ భార్యా పిల్లలూ బడి పై అంతస్తులో ఉన్నారు. ముగ్గురికీ ఏమీ కాలేదు. ఇక ఊపిరి తీసుకుని మిగతాది చదువు.

నీ ఉత్తర్వు మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. అప్పటికే గట్టు మీంచి నీళ్ళు దొర్లుతున్నాయి. కాగితం జీపు డ్రైవరు చేతిలోంచి లాక్కుని మేడెక్కాను. మీట మీద చెయ్యి వేశాను. కిటికీలోంచి చూస్తే వీధిలో నీ చిన్నది. జీపు హడావుడి విని, ఏదో జరగబోతోందనుకుందేమో, చాప చంకన పెట్టుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడింది. సైరన్ కోసం ఎదురుచూస్తోంది, మోగగానే నేలమాళిగలోకి దిగడానికి.

చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను రా. ఆ మీట నొక్కితే నాలుగు నిమిషాల్లో వీధి వీధంతా కిందికి దిగేది. నీళ్ళు ముందు చేరేది అక్కడికే. ఒక్కరు కూడా ఆలస్యం చేసేవారు కాదు, అంత బాగా నేర్పాను! దీనికోసమే కదా నెల రోజులు నిన్ను తిట్టిపోశాను. నీకు తట్టలేదంటే నువ్వు కాగితాల మధ్య ఉన్నావు. వాళ్ళని రోజూ చూసే నాకేమైంది?

సైరన్ తీగ పీకేశాను, ఇంకెవరూ మోగించకుండా. గడ్డపారతో పడవల సీళ్ళు పగలగొట్టాను. వార్డెన్లు ఇల్లిల్లూ తిరిగి ‘పైకి, పైకి’ అని అరిచారు. అయినా కొందరు అలవాటుకొద్దీ కిందికి దిగబోతే టైలరే వాళ్ళ రెక్కలు పట్టుకుని బయటికి లాగాడు. చీకటి పడేసరికి నేలమాళిగలన్నీ కప్పు దాకా నిండాయి. అందరూ బతికే ఉన్నారు.

ఇవాళ మీ ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. అనుమతి ఉన్న సైరన్ ఎందుకు మోగించలేదు, అనుమతి లేని పడవలు ఎందుకు తీశావు అని. ఉద్యోగం ఉంచితే ఉంచనీ, ఊడితే ఊడనీ. నా తరఫున ఎవరి కాళ్ళూ పట్టుకోకు.

నిన్న రాత్రి నిద్రపోయే ముందు నీ చిన్నది నా పక్కన చేరి, “అత్తా, నువ్వు మాకు నేర్పింది తప్పా?” అని అడిగింది. అది బాంబు దాడికి నేర్పింది, వానలకీ వరదలకీ పనికిరాదమ్మా, దేని సాధన దానిదే అంటూ కాసేపు నీళ్ళు నమిలాను. అది నా మొహంలోకే చూస్తోంది. ఇక నావల్ల కాలేదు. “అవునే, తప్పే. వరదొస్తే ఏం చెయ్యాలో నేను ఆలోచించలేదు” అన్నాను. సంజాయిషీలో కూడా ఆ ముక్కే రాసి పంపాను.

నీ అక్క