శాంతమ్మక్క ముంగట పెట్టిన మైకు

మంగళవారం, రాత్రి

ఏందిరా ప్రసంగీకుడా, దేవుని పేరు మీద ఒక మనిషితోని అబద్ధం చెప్పించి అన్నం ఎట్ల తిన్నవ్?

ఇయ్యాల శాలిబండ ప్రార్థన కూడికల సాక్ష్యాల వేళ శాంతమ్మక్క ముంగట మైకు పెట్టిన. రోడ్లు ఊడ్చే మనిషి, ఎనిమిదేండ్ల నడుము నొప్పి. "నొప్పి పోయింది, స్తోత్రం" అన్నది. అందరూ చప్పట్లు. నేనైతే మస్తు ఎగిరిన.

కూడిక అయినంక చూస్తే మెట్ల మీద గోడ పట్టుకొని, కొంగు పండ్ల కింద బిగబట్టి నిలబడ్డది.

"గట్లెందుకు చెప్పినవ్ అక్కా?"

"మైకు మూతికాడ పెట్టి, పోయిందా అని అడిగితివి తమ్మీ. లేదంటే విశ్వాసం తక్కువంటవ్. దవాఖానల నొప్పి క్లాసు చెప్పే కౌన్సిలింగ్ మేడం గట్ల అనలే. నొప్పి ఉంటది, దానికి భయపడకుండ బతుకుడు నేర్చుకో అన్నది. సగం గల్లీ ఊడ్చి కూసోమన్నది, శ్వాస మీద మనసు పెట్టమన్నది. జర నిద్ర పడుతుండె. గసొంటి క్లాసులకు పోయేటోళ్లు అవిశ్వాసులని నువ్వే అంటివి. బంద్ చేసిన."

అవును, ఆ మాట నాదే. బైబిలు చేతిల పట్టుకొనే చెప్పిన. అదే బైబిల్ల, ఒంట్ల ముల్లసొంటి బాధ తియ్యమని దేవుని మూడుసార్లు వేడుకున్న అపొస్తలునికి ముల్లు పోలేదు, కృప దొరికింది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. ఆయనను అవిశ్వాసి అంటనా? మరి ఆమెను...

రేపు పొద్దున మళ్ల క్లాసు ఉన్నదట. ఆదివారం మైకుల క్షమాపణ అడుగుదామనుకున్న. ఆదివారమా? సిగ్గులేదు! ఆమె మేలుకొనే ఉంటది, నొప్పి పండనియ్యదు. పెన్ను కింద పెట్టు. ఫోన్ చెయ్, తప్పు ఒప్పుకో, రేపు క్లాసుకు పొమ్మని బతిమాలు. ఇప్పుడే.