మూడో బ్యాటరీ

మల్లేష్ అన్నకు, ఇక్కడ అందరం క్షేమమే, నువ్వూ అట్లాగే ఉన్నావనుకుంటాను. మీ ట్రైనింగ్‌లో ఫోన్ ఇవ్వరని ఉత్తరం రాస్తున్నా. ఇచ్చినా ఇది ఫోన్‌లో చెప్పేది కాదు, పక్కనే అమ్మ ఉంటుంది.

నీ రిమోట్ విమానం బ్యాటరీలు మూడూ ఎట్లా ఉన్నాయని అడిగావు కదా. ఆదివారం ఆదివారం చెకర్ పెట్టి చూస్తున్నాను. రెండింట్లో ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గరే నిలబడింది. మూడోదాన్ని ఎన్నిసార్లు ఛార్జ్ పెట్టి 3.8కి తెచ్చినా మళ్లీ దిగిపోతోంది. ఎగరేసేవాళ్లే లేరు, ఎవరు వాడుతున్నట్టు? బ్యాటరీల డబ్బా మూతకు నా వెంట్రుక అంటించాను. తెల్లారి చూస్తే తెగిపోయింది.

నా డౌట్ అంకయ్య బాబాయి మీదే. మేకలు తోలుకొచ్చి మన వసారాలోనే పడుకుంటాడు కదా, ఈమధ్య ఆయన టార్చ్ మరీ వెలుగుతోంది. గిద్దలూరులో కొత్తది కొన్నానన్నాడు, నేను నమ్మలేదు. అమ్మకు చెప్పాను.

“ఏంది అంకయ్యా, పిల్లోడి సామాన్లు నీకెందుకు?” అని అడిగేసింది.

“నాకెందుకు వదినా? నా మేకలు ఎగరవు గదా,” అన్నాడు బాబాయి. ఎవరూ నవ్వలేదు. మర్నాటి నుంచి ఆయన రావడం మానేశాడు. ఆ మాటలప్పుడు నాయన కంచంలోంచి తల ఎత్తలేదు. అదీ నాకు తేడాగానే అనిపించింది.

మొన్న పొద్దున వేరుశనగ చేనుకు నాయనకు సద్ది తీసుకుపోయాను. మంచె మీద అడవిపందుల్ని అదిలించే స్పీకర్ ఉంది. దానికి వైర్లు మెలేసి నీ బ్యాటరీ కట్టి ఉంది.

“పందులు చేనంతా దున్నేస్తున్నాయి పాపా. ఊరికే పడున్నదే గదా, తీసుకొచ్చినా. అన్నకు చెప్పమాక,” అన్నాడు నాయన.

అన్నా, అసలు సంగతి ఇది. నిన్న నాయన దాన్ని తిరిగి డబ్బాలో పెట్టాక చూస్తే 2.6కి పడిపోయింది. మూడు దాటి కిందికి పోతే ఛార్జ్ పెట్టొద్దని నువ్వు చెప్పావు. ఛార్జర్ కూడా వద్దంది. నువ్వు తిడతావని భయమేసి, సెట్టింగ్ మార్చి ఛార్జర్‌ను మోసం చేశాను. బ్యాటరీ పూరీలా ఉబ్బింది. గబుక్కున తీసి డబ్బాలో దాచేశాను. సాయంత్రం నాయన దాన్నే జేబులో వేసుకుని చేనుకు పోతుంటే చూశాను. ఉబ్బిన బ్యాటరీ భగ్గున అంటుకుంటుందని తెలిసీ ఆయన్ని ఆపలేదు. పొద్దున ఆయన వచ్చేదాకా గడపలోనే కూర్చున్నాను. రాగానే లాక్కుని, పెరట్లో ఇసుక బకెట్‌లో పూడ్చిపెట్టాను. ఇక దాన్ని ఏం చేయాలో రాయి.

కవరు అంటించకముందే ఇదంతా నాయనకు చదివి వినిపించాను. ఆయన జేబు తడుముకున్నాడు. తర్వాత ఫోన్ తీసి, “అంకయ్యా, బ్యాటరీ తీసింది నేనే రా. నిన్నంటుంటే గమ్మున కూర్చున్నా. మేకల్ని తోలుకొని ఇంటికి రా,” అన్నాడు.

అవతల బాబాయి ఏమన్నాడో వినపడలేదు. అమ్మ మాత్రం లేచి, ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పోసింది.

ఇట్లు,
నువ్వు తిట్టినా పడే నీ చెల్లెలు,
పావని