డ్రైవర్ అంటే ఎటువైపు

మోయాబ్,
ఈస్టర్ ముందటి ఆదివారం.

ప్రియమైన ఓరిన్‌కు,

ఇక్కడ మీ నాన్న, నేను, కుక్క అందరం క్షేమం. చిలీలో ఆ కొండల చలికీ, గని దుమ్ముకీ తట్టుకుని నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. బండి కూడా క్షేమమే. ఈ మాట రాయడానికి ముందు కాగితాలు చాలానే చించాను. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. మధ్యలో లేచి ఫోను కోసం పరుగెత్తకు, ఎవరికీ ఏమీ కాలేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అడుగురేకు తుప్పంతా కోసేసి కొత్త రేకు అతికించాను. మీ నాన్న వంగి, ప్రతి అతుకు మీదా వేలు రుద్ది చూసి, "నీకు వెల్డా అని పేరు పెట్టిందెవరో గానీ తెలిసే పెట్టారు. వెల్డింగు బాగుంది" అన్నాడు. ఆయన నోటి నుంచి ఇంతకు మించిన మెప్పు రాదని నీకు తెలుసు. కమాను పట్టీలు కొత్తవి వేశాం. బండి జానెడు పైకి లేచింది, ఇప్పుడు ఎక్కాలంటే లంగా పైకెత్తాలి. ఇంజను మాత్రం పొద్దున్నే మొండికేస్తోంది, రెండు తిట్లు తింటే గానీ కదలదు. వెనకాల నువ్వు గీసిచ్చినట్టే మడత మంచం, దాని కింద నీళ్ల డ్రమ్ము పెట్టాను. సరిహద్దు దాటి బాహా సముద్రం దాకా పోయి అందులోనే పడుకోవచ్చు. నీ కాళ్లు మాత్రం బయటికే ఉంటాయి. దోమలకు చెప్పుకో.

స్టీరింగు ఎడమకి మార్చారా అని అడిగావు. లేదు. ఆ ఆస్ట్రేలియా జియాలజిస్టు బండిని మన షెడ్డు ముందు వదిలేసి పోయిన నాడు ఎలా ఉందో అలాగే, వాళ్ల దేశపు పద్ధతిలో కుడివైపే ఉంది. మార్చాలంటే ముందుభాగమంతా కోయాలి, నాకు చేతులు రాలేదు. పైగా చలికాలమంతా ఆ కుడి సీట్లో కూర్చునే గేర్లు సరిచేశాను, అక్కడే తిన్నాను, నీ మీద బెంగ పుడితే ఏడ్చిందీ అక్కడే. ఎడమ సీటు నీది. దాని మీద నీ పాత కోటు వేసి ఉంచాను.

ఇక ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగావు. 'నాన్న నా పేరు ఎప్పుడైనా ఎత్తుతున్నాడా?' అని. దానికి జవాబు ఆఖరున చెబుతాను.

నేను వచ్చేదాకా బండిని రాళ్లెక్కించకు అన్నావు. ఎక్కించాను. తిట్టుకో, కానీ పూర్తిగా చదివి తిట్టుకో.

ఈస్టర్ వారంలో రాళ్లెక్కే సరదాకి ఊరిమీద పడే బళ్లకు దారి చెప్పేవాళ్లని క్లబ్బు ఏర్పాటు చేస్తుందిగా. దానికి ముందు అందరూ ఒకసారి ఎక్కి చూసుకుంటారు. ఈసారి డెల్బర్ట్ క్లబ్బు పెద్ద. అతను వచ్చి, "ఆ కంగారూ బండి ఎక్కుతుందా, లేక మడత మంచం మీద పడుకుంటుందా?" అని నవ్వాడు. నాకు పౌరుషం వచ్చింది. మీ నాన్న దారి చెప్పేటప్పుడు పెట్టుకునే తన ఎర్రటోపీ పెట్టుకుని, "పద, నేను ముందుంటాగా" అన్నాడు. ఆయన మాట మీద నడిచి ఈ ఊళ్లో ఎవరూ దెబ్బతినలేదు. అందుకే బయల్దేరాను.

రూబీ అత్త మోకాలు నీకు తెలిసిన రాయే. ఎడమన గోడ, కుడిన లోయ, మధ్యలో నడుమెత్తు మెట్టు. రాతి మీద పట్టు కోసం టైర్లలో కొంత గాలి తీసి, లో గేరులో ముందు చక్రాలు మెట్టెక్కించాను. బానెట్ ఆకాశంలోకి లేచింది. సూర్యుడు మీ నాన్న వెనకే ఉన్నాడు. ఆయన నాకు ఒక నల్లటి నీడ, అంతే. చేతులు కనిపించలేదు, గొంతే మిగిలింది.

మన పద్ధతి మనకు నేర్పిందే ఆయన. చెప్పేవాడు ఎదురుగా నిలబడతాడు గనక అతని ఎడమ మనకు కుడి అవుతుంది. అందుకని కుడి ఎడమల మాటే ఎత్తకూడదు. 'డ్రైవర్' అంటే డ్రైవర్ వైపుకి తిప్పాలి, 'పాసింజర్' అంటే పక్కవాడి వైపుకి. ఇంకోటి కూడా ఆయనే నేర్పాడు. బండిలో ఉన్నవాడు ఆలోచించకూడదు, విన్నది చేయాలి.

"డ్రైవర్!" అని అరిచాడు. తిప్పాను. బండి లోయవైపు ఒరిగింది. "డ్రైవర్! డ్రైవర్ అంటుంటే!" అని ఇంకా గట్టిగా అరిచాడు. ఇంకా తిప్పాను. కుడి ముందు చక్రం కింద రాయి లేదు. బండి అడుగుభాగం రాతి మీద గీరుకుంటూ జారి, ఎక్కడో పట్టుకుని ఆగింది. నా పక్క కిటికీలోంచి నాకు నేల కనిపించలేదు, జూనిపర్ చెట్ల తలలు కనిపించాయి.

డెల్బర్ట్ పైనుంచి తన బండికున్న వించి కేబుల్ తగిలించి లాగి పట్టుకున్నాడు. నేను గేరు రాడ్డు దాటి, నీ సీటు మీదుగా, నీ కోటు పట్టుకుని ఎడమ తలుపులోంచి పాక్కుంటూ బయటపడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది, అంతకంటే ఏమీ లేదు. మీ నాన్న నా దగ్గరకు రాలేదు. నిలబడ్డ చోటే నిలబడి తన రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంటున్నాడు.

డెల్బర్ట్ నోరు నీకు తెలుసు. "థెరాన్, నీకు కుడెడమలు తెలీట్లేదయ్యా. గోడవైపు చెప్పాల్సింది పోయి లోయలోకి చెప్తావా? ఈ ఈస్టర్‌కి ఇంట్లో కూర్చో. ఇంకొకళ్ల ఇంటి పిల్ల ప్రాణం తీశావంటే ఏం చేస్తాం?" అన్నాడు. మీ నాన్న ఎదురు చెప్పలేదు. అదే నన్ను భయపెట్టింది. డెల్బర్ట్ మాటకు ఆయన ఎదురు చెప్పని రోజు నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చి ఎర్రటోపీ షెడ్డులో మేకుకి తగిలించాడు. మళ్లీ ముట్టుకోలేదు. ఓరిన్, మీ నానమ్మ ఆఖరి రోజుల్లో అద్దంలో తనను తానే చూసుకుని 'ఎవరమ్మా నువ్వు, కూర్చో' అనేదని నువ్వే చెప్పావు. తనకూ అదే మొదలైందని ఆయన భయం. బంగాళాదుంపల కూర ముందు పెడితే, తినే ముందు కుడిచెయ్యి ఎత్తి 'కుడి' అని, ఎడమచెయ్యి ఎత్తి 'ఎడమ' అని గొణుక్కునేవాడు. నేను చూస్తే చేతులు కిందికి దించేసేవాడు. ఒకరోజు చర్చి నుంచి వస్తూ దారిలో ఆగిపోయి, "వెల్డా, నేను నిన్ను కూడా గుర్తుపట్టని రోజు వస్తే నాకు చెప్పకు. ఊరికే పక్కన కూర్చో" అన్నాడు. ఆ రోజుల్లో నీకు ఉత్తరం రాయలేదు. ఏమని రాయను?

తర్వాత ఒక మధ్యాహ్నం నేను బండి కింద పడుకుని, సొట్టపడిన భాగాన్ని సుత్తితో సరిచేస్తున్నాను. ఆయన ఊరికే స్టూలు మీద కూర్చున్నాడు. "మామయ్యా, గ్రీజు గన్ ఇటివ్వండి. డ్రైవర్ తలుపు దగ్గరుంది" అన్నాను. లేచాడు. చాలాసేపు వెతికి, "ఇక్కడ లేదే" అన్నాడు. ఆ గొంతులో భయం వినిపించి తల బయటికి పెట్టి చూశాను. ఆయన ఎడమ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

గ్రీజు గన్ కుడి తలుపు దగ్గరుంది.

నేను అలాగే నేల మీద పడి ఉండిపోయాను. తర్వాత నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. "మామయ్యా, డ్రైవర్ ఎటు కూర్చుంటాడు?"

"ఎడమ. ఎక్కడైనా ఎడమే. ఏం, నన్ను పరీక్ష పెడుతున్నావా?"

"ఈ బండిలో?"

ఆయన నా వంక చూశాడు. స్టీరింగు వంక చూశాడు. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి ఆయన చూసిన ప్రతి బండిలోనూ డ్రైవర్ ఎడమనే కూర్చున్నాడు. గోడవైపు తిప్పమనే 'డ్రైవర్' అన్నాడు. చలికాలమంతా కుడి సీట్లో కాపురం పెట్టిన నేను, డ్రైవర్ అంటే నా వైపే అనుకున్నాను. ఆయన చెప్పింది సరే, నేను చేసింది సరే. మాటే ఇద్దరినీ ముంచబోయింది.

ఆయన సంతోషిస్తాడనుకున్నాను. "నన్ను ఊరడించడానికి కథలల్లకు" అని లోపలికి పోయాడు. డెల్బర్ట్‌కి చెబితే, "వినడానికి బానే ఉంది. కానీ ఆయనే నమ్మనప్పుడు నేను మనుషుల్ని ఆయన ముందుకెలా పంపను?" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇక దారి ఒక్కటే ఉంది. మళ్లీ అదే రాయి, అదే బండి, ఆయనే చెప్పాలి, నేనే ఎక్కాలి. మీ నాన్న ససేమిరా అన్నాడు. నేను ఎర్రటోపీ తీసి ఆయన ఒళ్లో పెట్టి, "మీరు రాకపోతే ఒక్కదాన్నే వెళ్తా" అని బండి స్టార్టు చేశాను. ఆ రోజు ఇంజను తిట్లు తినకుండానే కదిలింది.

ఆయన టోపీ పెట్టుకుని, డెల్బర్ట్ బండిలో నా వెనకే వచ్చాడు. రాయి దగ్గర తనే పట్టుబట్టి డెల్బర్ట్ చేత కేబుల్ కట్టించాడు. కేబుల్ ఉంటే లోయలో పడం, కానీ బండి పక్కకు దొర్లితే అది ఆపలేదు. అది ముగ్గురికీ తెలుసు. అప్పుడు నా కిటికీ దగ్గరకొచ్చి, "ఆ పాత మాటలొద్దు. నీ వైపు తిప్పాలంటే నీ పేరు పిలుస్తా" అన్నాడు.

"అటు తిప్పాలంటే?"

నీ కోటున్న సీటు వైపు గడ్డం ఊపాడు. "ఆ సీటెవరిదో వాడి పేరు."

ఓరిన్, నువ్వు గని ఉద్యోగానికి ఒప్పుకున్న రోజు నుంచి ఆయన నోట నీ పేరు రాలేదు. 'మీ ఆయన' అంటాడు, 'అతగాడు' అంటాడు. సొంత తమ్ముణ్ణి యురేనియం గని మింగేస్తే చూసినవాడు. అది కోపం కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. "ఏం పేరు?" అని అడిగాను.

"నీకు తెలీదేంటి?"

"నాకు తెలుసు. మీ నోటికి తెలుసో లేదోనని. ఒక్కసారి అనండి."

"పైన అంటా."

"పైన రాకపోతే?"

"రాకపోతే మిగతాది లోయలో మాట్లాడుకుందాం" అని వెళ్లిపోయాడు.

ముందు చక్రాలు ఎక్కాయి. బానెట్ మళ్లీ ఆకాశంలోకి లేచింది. "వెల్డా! కొంచెం వెల్డా! చాలు." తిప్పాను, ఆపాను. వెనక చక్రం మెట్టుకు తగిలింది, యాక్సిలరేటరు నొక్కాను. బండి ఎగిరి, వెనకభాగం మెల్లగా లోయవైపు జారడం మొదలుపెట్టింది. ఇప్పుడు గోడవైపు తిప్పాలి. ఇప్పుడే.

ఆయన గొంతు రాలేదు. బ్రేకు తొక్కిపట్టాను. బండి ఇంకాస్త జారింది. కింద చిన్నరాళ్లు రాలిపోతున్న చప్పుడు వింటున్నాను. "చెప్పవయ్యా థెరాన్!" అని డెల్బర్ట్ కేక వినిపించింది.

నీ దగ్గర దాచకూడనిది ఇదీ. ఆ రాయి నాకు అప్పటికే తెలిసిందే. ఎటు తిప్పాలో నాకు తెలుసు, ఆయన చెప్పక్కర్లేదు. అయినా తిప్పలేదు. నేనే తిప్పేసుకుంటే ఆయన జీవితంలో మళ్లీ ఎవరికీ దారి చెప్పడు, నీ పేరూ ఎత్తడు అనిపించింది. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. నీ ఇల్లాలి ప్రాణాన్ని మీ నాన్న నోట్లో పెట్టి కూర్చున్నాను. దీనికి నువ్వెంత తిట్టినా పడతాను.

"ఓరిన్!"

గొంతు చీలిపోయింది. గోడకు తగిలి మళ్లీ వినిపించింది. నేను ఎడమకి తిప్పాను. "ఓరిన్! ఇంకా ఓరిన్! రా నాన్నా, రా, ఇంకొంచెం!" చక్రం గోడవైపు రాతిని కరుచుకుంది. బండి ఒక్క కుదుపుతో పైకొచ్చి చదునుగా నిలబడింది. ఇంజను ఆపాక కూడా ఆయన ఇంకోసారి పిలిచాడు. అప్పుడు తిప్పడానికి ఏమీ లేదు.

డెల్బర్ట్ కేబుల్ విప్పుతూ, "బానే ఉంది. ఈస్టర్‌కి వచ్చేవాళ్లందరి పేర్లూ, వాళ్ల పెళ్లాల పేర్లూ కంఠతా పట్టుకో మరి" అన్నాడు. మీ నాన్న అతన్ని ఒక బూతు తిట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయన ఎడమ తలుపు తీసి, నీ కోటు ఒళ్లో పెట్టుకుని, నీ సీట్లో కూర్చుని ఇంటిదాకా వచ్చాడు.

ఇప్పుడు ఇది రాస్తుంటే వంటింట్లో నా ఎదురుగానే ఉన్నాడు. టోపీ తల మీదే ఉంది, తీయమన్నా తీయడం లేదు. ఇందాక, "ఎవరికి, అంత పొడుగు ఉత్తరం?" అన్నాడు. "మీ అబ్బాయికి" అన్నాను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. గ్లాసెడు నీళ్లు తాగి, కిటికీలోంచి బండిని చూస్తూ అన్నాడు.

"గనిలోకి దిగేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని రాయి, ఓరిన్‌కి."

ఇక్కడ రాయీ లేదు, లోయా లేదు. వట్టి వంటిల్లు. నువ్వడిగినదానికి జవాబు ఇదే.

గుడ్డ కట్టుకో. తొందరగా రా, నీ సీటు ఖాళీగా ఉంది.

ఇట్లు,
నీ కుడిపక్కన కూర్చునే
నీ భార్య,
వెల్డా