పాట ఎత్తుకోగానే తాళం

గ్రంథాలయాధికారి గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ హాల్లో జానపదాలు పాడిన ఇద్దరమ్మాయిల్లో నేను పొట్టిదాన్ని. గిటారు వాయించింది మా మేనత్త కూతురు. అది మా మొదటి కచేరీ.

"పాట ఎత్తుకోగానే తాళం వేయడానికి ఒక మనిషిని ఇప్పించండి" అని మీకు రాసింది నేనే. తాళానికి రెండు అర్థాలున్నాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నీ నేనే. మీరు కాపలా తాతను పంపారు. మేం పాట ఎత్తుకోగానే ఆయన బయటినుంచి తలుపుకు తాళం వేసి, టీ తాగడానికి వెళ్ళిపోయారు.

"పొయ్యి మీద పాలున్నాయి, తలుపు తియ్యండమ్మా!" అని ఒకావిడ ఒకటే గోల. మాకు వచ్చిన పాటలన్నీ అయిపోతే మళ్ళీ మొదటినుంచి పాడాం. చివరికి తాత వచ్చి, "మీరే కదమ్మా వెయ్యమన్నారు!" అంటూ తలుపు తీశారు. హాలంతా చప్పట్లు.

"మనకేలేవే, పిచ్చిదానా" అంటుంది వదిన. తలుపు తెరుచుకున్నందుకేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

అందుకని వచ్చే ఆదివారం కూడా హాలు ఇప్పించండి. తలుపులు మాత్రం బార్లా తెరిచి ఉంచమనండి. చివరిదాకా ఒక్కరు కూర్చున్నా, మేం పాడగలమని నమ్ముతాం.

ఇకపై ప్రతి మాటనూ రెండుసార్లు చూసుకుని రాసే,
మీ విద్యార్థిని