పన్నెండు సైకిళ్ళ ఐ.పి.

తిరువూరు,
4-6-1973.

చిరంజీవి జగన్నాథరావుకు బావ దశరథరామయ్య దీవించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. అప్పులు మాకంటే క్షేమం.

నువ్వు బెజవాడలో ప్లీడరువి గనుక దాచకుండా రాస్తున్నాను. ఐ.పి. పెట్టదలిచాను. తీర్చలేనని కోర్టుకు దండం పెట్టేయడమేగా అది. గంపలగూడేనికీ పెనుగొలనుకూ బస్సులు పెరిగాక, గంటకు పావలా ఇచ్చి నా అద్దె సైకిలు తొక్కేవాడెవడు? నా సంతకం మీద ఇచ్చిన బ్యాంకికి తొమ్మిది వందలు, టైర్ల కొట్టు అబ్దుల్ సలాంకు అయిదు వందల ఇరవై, నోటు మీద నాగేంద్రమ్మ గారికి అయిదు వందలు. ఆస్తి పన్నెండు సైకిళ్ళు, ఒక గాలి పంపు.

మా పెదనాన్న వీరరాఘవయ్య గారు పొగాకులో ఐ.పి. పెట్టి ఇరవై ఏళ్ళు నెమలి ఊరి తిరునాళ్ళకు వెళ్ళలేదు. స్వామి మీద భక్తి లేక కాదు, స్వామికంటే ముందు అప్పులవాళ్ళు ఎదురొస్తారని. నాకు అరవై దాటాయి. ఏ అబద్ధం ఎవరికి చెప్పానో గుర్తుండట్లేదు. అలిసిపోయాను నాయనా.

ఇట్లు,
నీ బావ.

తా.క. నిన్న ఈ సంగతి ముందుగా చెవిన వేద్దామని నాగేంద్రమ్మ గారింటికి వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చింది. తాగి ఉత్త చేతులతో లేవడం బాగుండదని గల్లాలో ఉన్న నూట అరవై ఇచ్చి వచ్చాను.


బెజవాడ,
8-6-1973.

పూజ్యులైన బావగారికి జగన్నాథరావు నమస్కారాలు.

మీ ఉత్తరం ఒకసారి, తా.క. మూడుసార్లు చదివాను. ఐ.పి. పెట్టే ముందు ఒకరికి కట్టి మిగతావారికి మొండిచెయ్యి చూపితే చట్టం ఒప్పుకోదు. మూడు నెలల లోపల అలా ఇచ్చింది కోర్టు వెనక్కి లాగుతుంది. అప్పులవాళ్ళందరినీ సమానంగా చూడాలి. కాగితాలు తయారు చేస్తాను. ఫీజు డెబ్బయి అయిదు, తర్వాత ఇద్దురుగాని.

మీ
జగన్నాథరావు.

తా.క. ఇక ఎవరింట్లోనూ కాఫీ తాగకండి. ఇది చట్టంలో లేదు, నా సలహా.


తిరువూరు,
15-6-1973.

చిరంజీవి జగన్నాథానికి ఆశీస్సులు.

నీ సలహా ప్రకారం కాఫీ మానేశాను. సలాం టీ ఇచ్చాడు.

"ఐ.పి. పెడుతున్నా సలామూ, మనసులో పెట్టుకోకు" అన్నాను.

"అదేంటి బాబాయ్, పెట్టేవాడు ఎవడన్నా ఇంటికొచ్చి చెప్తాడా?"

"చెప్పకుండా పెడితే పిలవకుండా పెళ్ళి చేసినట్టుండదట్రా?"

సమానంగా చూడమన్నావు గదా. మూడు సైకిళ్ళు అమ్మి అతనికి నూట అరవై, బ్యాంకికి నూట అరవై కట్టాను. ఇక నన్ను పక్షపాతి అనడానికి ఏ జడ్జీకీ నోరు రాదు. బ్యాంకి ఏజెంటు సుందరరాజు గారు కుర్చీ వేయించారు. మూడేళ్ళుగా ఆ బ్యాంకిలో నేను నిలబడే ఉన్నాను. అప్పు తీసుకునేవాడికి లేని మర్యాద ఎగ్గొట్టేవాడికి ఉందని ఈ వయసులో తెలిసింది.

బజార్లో అందరూ "ముహూర్తం ఎప్పుడండీ?" అని అడుగుతున్నారు.

ఇట్లు,
బావ.

తా.క. మీ అక్కయ్యకు మాత్రం చెప్పలేదు. ఆవిడ నాకు అప్పివ్వలేదు గదా.


బెజవాడ,
19-6-1973.

బావగారికి నమస్కారం.

తల పట్టుకుని రాస్తున్నాను. సమానమంటే అందరికీ కట్టమని కాదు మహాప్రభో, ఎవరికీ కట్టవద్దని! పిటిషను వేశాక కోర్టు ఒక రిసీవరును నియమిస్తుంది. ఆయన వచ్చి సైకిళ్ళు వేలం వేసి, తన ఖర్చులు పోను, ఎవరి బాకీని బట్టి వారికి పంచుతాడు. అప్పటిదాకా కొట్లో కదలకుండా కూర్చోండి.

మీ
జగన్నాథరావు.

తా.క. మొత్తం అప్పు అయిదు వందలకు తగ్గితే కోర్టు పిటిషనే తీసుకోదు. మీకింకా పధ్నాలుగు వందల నలభై ఉంది. ఆ ఒక్క విషయంలో దిగుల్లేదు.


తిరువూరు,
28-6-1973.

చిరంజీవి జగన్నాథానికి బావ ఆశీస్సులు.

ఎవరో పెద్దమనిషి ఎండన పడి బస్సులో రావడం, ఆ ఖర్చు నా సైకిళ్ళలోంచి తీయడం నాకు నచ్చలేదు. ఆ పని నేనే చేశాను. కొట్టు ముందు వేలం పెడితే ఎనిమిది సైకిళ్ళకు వెయ్యి వచ్చింది. ఎవరి బాకీని బట్టి వారికి పంచాను. లెక్క సుందరరాజు గారే వేసిచ్చారు. చివరి సైకిలు దగ్గర సలాం అడ్డుపడ్డాడు. "పంక్చర్లన్నా వేసుకో బాబాయ్, దీన్ని అమ్మితే నా మీద ఒట్టే" అన్నాడు. మీ అక్కయ్యకు వేలం కేకలతో సంగతి తెలిసింది. గాలి పంపు తీసుకెళ్ళి లోపల పెట్టి గొళ్ళెం వేసుకుంది.

బాకీ నాలుగు వందల నలభై మిగిలింది. ముగ్గురూ నిదానంగా ఇమ్మన్నారు. నీ తా.క. ఆ తర్వాత చదివాను. అంటే, దివాలా తీయడానికి కూడా నాకు తాహతు లేదన్నమాట.

కాని ఊరందరికీ చెప్పుకున్నానే! పెడితే పరువు పోతుందని మొదట ఏడ్చాను. ఇప్పుడు పెట్టకపోతే పోయేట్టుంది. నిన్న నాగేంద్రమ్మ గారు "ఏమండీ, పెడతానని చెప్పి ఊరుకున్నారేంటి?" అని నలుగురిలో అడిగేసింది.

ఆలోచించగా దారి దొరికింది. నీ ఫీజు డెబ్బయి అయిదు నేనింకా ఇవ్వలేదు. కలిపితే అయిదు వందల పదిహేను. నువ్వు నా నాలుగో అప్పులవాడివి. మిగతా ముగ్గురికీ ఇంటికెళ్ళి చెప్పాను. సమానంగా చూడాలి గనుక, సోమవారం మొదటి బస్సుకు నీకూ చెప్పడానికి వస్తున్నాను.

ఇట్లు,
నీకు బాకీపడ్డ బావ.

తా.క. నాకు కాఫీ మాత్రం పోయవద్దని మా చెల్లెమ్మతో ముందే చెప్పు. తాగానంటే నీ డెబ్బయి అయిదూ అక్కడే కట్టేస్తాను. కేసు పోతుంది.